మురుగు కలిసిన కాలువ నీటి ద్వారా వెనామీ రొయ్యల చెరువుకు ఈహెచ్‌పీ సోకకుండా చూసుకోవడం ఎలా

రైతులు లివర్ అని పిలిచే రొయ్య హెపటోపాంక్రియాస్ కణాల్లో పెరిగే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి, రొయ్యను ఒక్కసారిగా చంపకుండా ఎదుగుదలను ఆపివేసి, మేత ఖర్చును మాత్రం రైతు నెత్తిన పెడుతుంది. థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యల నుంచి 2009లో దీనిని వర్ణించి పేరు పెట్టారు. ఇది మురుగులో పుట్టదు. సోకిన రొయ్య విసర్జనతో వెలువడిన సిద్ధబీజాలు (స్పోర్లు) నీటిలోను, బురదలోను ఉండి, మరో రొయ్య నోటి ద్వారా లోపలికి చేరతాయి. ఉప్పుటేరు, యనమదుర్రు వంటి కాలువల వెంబడి ఒకరు వదిలిన నీటినే మరొకరు తోడుకోవలసి వచ్చినప్పుడు ఆ కాలువే రోగానికి దారి అవుతుంది.

కాలువ నీటిని నేరుగా సాగు చెరువులోకి ఎక్కించకుండా, ముందుగా రిజర్వాయర్ చెరువులో కొన్ని రోజులు తేరనివ్వాలి. సిద్ధబీజం పొడవు సుమారు ఒక మైక్రానే కనుక వడపోత సంచులు దానిని ఆపలేవు. పీతల వంటి జీవులను, చెత్తను ఆపడానికే అవి పనికివస్తాయి. అసలు పని క్లోరిన్‌ది. 65 శాతం క్లోరిన్ ఉన్న మందును 40 పీపీఎం మోతాదులో, అంటే వెయ్యి ఘనపు మీటర్ల నీటికి 40 కిలోల చొప్పున వాడితే సిద్ధబీజాలు నిర్వీర్యమవుతాయని ప్రయోగాల్లో తేలింది. సాధారణ బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ అందులో దాదాపు సగమే ఉంటుంది కాబట్టి మోతాదు ఆ మేరకు పెరుగుతుంది. అయితే మురుగు నీటిలోని సేంద్రియ పదార్థం, అమ్మోనియా ఆ క్లోరిన్‌ను ముందే ఖర్చు చేసేస్తాయి. పరాన్నజీవికి కాలుష్యం చేసే పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. అందుకే మందు చల్లి ఊరుకోక, చెరువు నాలుగు మూలల నుంచి నీరు తీసి, క్లోరిన్‌ను గుర్తించే ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూడాలి. పసుపు రంగు రాకపోతే క్లోరిన్ మిగలలేదని అర్థం. చెరువులో రొయ్య పిల్లలను వదిలే ముందు మాత్రం ఆ రంగు పూర్తిగా పోవాలి.

పంట తీశాక అడుగు బురదను తొలగించి, ఆరబెట్టి, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నాన్ని 10-12 సెంటీమీటర్ల లోతు వరకు కలియదున్ని తడపాలి. అప్పుడు నేల పీహెచ్ (క్షార గుణం) 12 దాటి, బురదలోని సిద్ధబీజాలు నిర్వీర్యమవుతాయి. వ్యవసాయ సున్నంతో ఆ ఫలితం రాదు.

నీరు ఎంత శుభ్రంగా ఉన్నా సీడ్‌లోనే, అంటే వదిలే రొయ్య పిల్లల్లోనే రోగం ఉంటే ఈ శ్రమ వృథా కాబట్టి, హేచరీ పిల్లలకు, రోగకారక జీవి జన్యుపదార్థాన్ని పట్టి చూపే పీసీఆర్ పరీక్ష తప్పనిసరి. సాగు మధ్యలో రొయ్యల సైజుల్లో తేడాలు, నీటిపై తెల్లని విసర్జన పోగులు కనిపించినా వెంటనే ఈహెచ్‌పీ అని నిర్ధారించకూడదు. విబ్రియో బాక్టీరియా ఉన్నప్పుడు కూడా ఆ పోగులు కనిపిస్తాయి. పరీక్షలో రోగం తేలితే, ఆ చెరువు నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకూడదు.