తల్లి ప్రవర్తనను పరిణామ దృష్టితో చదవడం ఎలా

ఈనిన కుందేలు పిల్లలను గూటిలో ఉంచి, గూటి నోరు మట్టితో మూసి వెళ్లిపోతుంది. రోజుకు దాదాపు ఒక్కసారి మాత్రమే తిరిగి వచ్చి, మూడు నాలుగు నిమిషాలు పాలిచ్చి, మళ్లీ కనుమరుగవుతుంది. దీనిని నిర్లక్ష్యమనుకునేవారు చాలామందే ఉంటారు. కానీ తల్లి పదేపదే గూటికి వస్తే ఆ రాకపోకలే వేటాడే జంతువులకు దారి చూపిస్తాయని, దూరంగా ఉండడమే ఇక్కడ సంరక్షణ అని జీవశాస్త్రవేత్తలు వివరిస్తారు. ఏ తల్లి ప్రవర్తననైనా పరిశీలించబోయే ముందు ఈ కుందేలును ఒకసారి తలచుకోవడం మంచిది, ఎందుకంటే ఈ పనిలో మనకు ఎదురయ్యే మొదటి అడ్డంకి మన మనసులో ముందే స్థిరపడి ఉన్న తల్లి బొమ్మ.

కాబట్టి మొదట ప్రేమ, త్యాగం, కోపం వంటి మాటలను పక్కన పెట్టి, కంటికి కనిపించిన క్రియలను మాత్రమే రాసుకోండి: నాకింది, తోసింది, ఎత్తుకుంది, పాలిచ్చింది, వదిలి వెళ్లింది. కెన్యాలోని అంబోసెలిలో బబూన్ కోతుల తల్లులను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లో పరిశీలన పద్ధతులపై ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఆమె చర్చించిన ఒక పద్ధతి నేటికీ ఉత్తమమైనదని నా అభిప్రాయం. ఒక తల్లిని ఎంచుకొని, ముందుగా నిర్ణయించుకున్న వ్యవధిలో, ఉదాహరణకు పదిహేను నిమిషాలపాటు, ఆమె చేసినదంతా విడవకుండా నమోదు చేయాలి. అలా చేయకపోతే మన చూపు పోట్లాటలూ అరుపులూ ఉన్నచోటికే పరుగెత్తుతుంది. తల్లి మేత మేసిన సమయాన్ని కూడా వదిలిపెట్టకండి, ఆ మేతే రేపటి పాలు.

తరువాత ప్రశ్నలు వేసుకోవాలి. 1963లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టింబర్గన్ ఏ ప్రవర్తన గురించైనా నాలుగు వేర్వేరు ప్రశ్నలు అడగాలని ప్రతిపాదించారు. గొర్రెనే తీసుకుందాం. ఈనిన వెంటనే అది తడి ఆరని పిల్లను ఆపకుండా నాకుతుంది, ఆ కొద్ది గంటల్లోనే దాని వాసనను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆపైన మరో పిల్ల పొదుగు దగ్గరికి వస్తే తలతో కుమ్మి తరిమేస్తుంది. ఇది ఎలా జరుగుతోంది అన్నది మొదటి ప్రశ్న. ప్రసవ సమయంలో జనన మార్గం సాగినప్పుడు మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, ఆ వాసనను నేర్చుకునే వీలు కల్పిస్తుంది. జీవితకాలంలో ఇది ఎలా రూపుదిద్దుకుంటుంది అన్నది రెండవది. తొలిచూలు గొర్రెలు తరచుగా తడబడతాయి, అనుభవం వచ్చినవి అంతగా తడబడవు. దీనివల్ల మేలేమిటి అన్నది మూడవది. పుట్టిన కొద్దిసేపటికే లేచి నడిచే పిల్లలు మందలో కలిసిపోతాయి కనుక, గుర్తుపట్టలేని తల్లి పాలు పరాయి పిల్ల పాలవుతాయి. ఇది ఏ పూర్వీకుల నుంచి వచ్చింది అన్నది నాలుగవది. ఆక్సిటోసిన్‌ను పోలిన అణువులు చేపల్లోనూ ఉన్నాయి, అంటే అవి పాలకంటే పురాతనమైనవి. ఈ నాలుగింటిలో ఒకదానికి దొరికిన జవాబు మరొకదానికి సరిపోదు. "అదంతా హార్మోన్ల వల్లే" అని ముగించేవారు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినట్టు.

మేలేమిటన్న ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పడం తేలిక, కనుక దానిని దగ్గరి జాతులతో పోల్చి పరీక్షించాలి. గల్ అనేవి సముద్రపు పక్షులు. వాటిలో నేలమీద గూడు కట్టేవి, పిల్లలు అటూ ఇటూ తిరిగే వయసుకు తమ పిల్లలను గుర్తుపడతాయి. నిటారు కొండ అంచుల మీద గూడు కట్టే కిటివేక్ గల్ పక్షులు చిన్న పిల్లలను గుర్తుపట్టవు, గూట్లో పిల్లలను మార్చి పెట్టినా మేత పెడతాయి. 1957లో ఎస్తర్ కల్లెన్ ప్రచురించిన పరిశీలన ఈ తేడాను కొండ అంచుల జీవితంతో ముడిపెట్టింది: కాలు కదిపితే పడిపోయే చోట పిల్ల గూడు దాటదు, కనుక తన గూట్లో ఉన్నది తన పిల్లే. (గల్ పక్షుల్లో తండ్రి కూడా మేత పెడుతుందని మరువకండి. తల్లి ప్రవర్తన అని పేరు పెట్టేముందు ఆ పని చేస్తున్నది తల్లి ఒక్కతేనా అని చూసుకోవాలి.)

ఆ తరువాత ఖర్చు లెక్క వేయండి. ఒక పిల్లకు ఇచ్చినది రాబోయే పిల్లలకు ఉండదు. కరుగుతూ విరిగే మంచు మీద ఈనే హుడెడ్ సీల్ అనే సముద్ర జంతువు నాలుగు రోజుల్లోనే పాలు మాన్పిస్తుంది, ఒరాంగుటాన్ అనే వానరం ఆరేళ్లకు పైగా ఇవ్వగలదు. ఎప్పుడు మాన్పించాలన్న విషయంలో తల్లీపిల్లల ప్రయోజనాలు పూర్తిగా కలవవని 1974లో జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ చూపించారు. తల్లికి పిల్లలందరితోనూ జన్యు సంబంధం సమానమే, కానీ పిల్లకు తనతో తనకున్న సంబంధం సొంత తోబుట్టువుతో ఉన్నదానికి రెట్టింపు. చింపాంజీ పిల్ల పాలకోసం నేలమీద పడి అరుస్తున్నా తల్లి తోసేస్తుంటే, మీ పుస్తకంలో కఠినత్వం అని రాయకండి. అక్కడ జరుగుతున్నది బేరం, ఇద్దరూ తమ తమ లెక్క ప్రకారం సరైనవారే. అయితే ఆ లెక్క వేసింది తల్లి కాదు, ఎన్నో తరాల ప్రకృతి వరణం, అంటే ఎక్కువ సంతానాన్ని మిగిల్చే లక్షణాలే తరతరాలుగా నిలుస్తూ రావడం. "తల్లి అనుకుంది" అని రాయాలనిపించిన ప్రతిసారీ ఈ తేడాను గుర్తుచేసుకోవాలి.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త రెట్టింపు కావాలి. వేట, సేకరణలతో జీవించే సమాజాల్లో కాన్పుల మధ్య ఎడం సాధారణంగా మూడు నాలుగేళ్లు, చింపాంజీలకు అయిదారేళ్లు. కానీ మానవ శిశువు సొంతంగా బతకడానికి చింపాంజీ పిల్లకంటే ఎంతో ఎక్కువ కాలం కావాలి. అమ్మమ్మలు, అక్కలు, తండ్రులు, ఇతరులు చేయి వేయకుండా ఇది సాధ్యమయ్యేది కాదని మానవ శాస్త్రవేత్త సారా హర్డీ వాదించారు. అందువల్ల తల్లిని మాత్రమే చూస్తూ కూర్చోకుండా, ప్రతి వ్యవధిలోనూ బిడ్డ ఎవరి చేతుల్లో ఉందో ఒక వరుసలో విడిగా రాయండి.

చివరగా మీ వివరణ పక్కన, అది తప్పని తేల్చగల పరిశీలన ఏదో ఒక వాక్యంలో రాయండి. నేలమీదే గూడు కట్టి, పిల్లలు ఇరుగుపొరుగు గూళ్లలోకి తిరిగే గల్ జాతి ఒకటి దొరికి, అదీ తన పిల్లలను గుర్తుపట్టకపోతే, కొండ అంచు కథను మళ్లీ మొదటినుంచి ఆలోచించవలసి వస్తుంది.