సాఫ్ట్‌బాల్ పిచ్చింగ్‌కి (బ్యాటర్‌కి బంతి వేయడానికి) దిగేముందు చూసుకోవాల్సినవి

అమలాపురం, భీమవరం వైపు పిల్లలు సాఫ్ట్‌బాల్‌కి వచ్చేది క్రికెట్ చేత్తోనే. రనప్ అలవాటు పోయిందో లేదో ముందు అది చూడండి.

• వాన పడ్డాక మన నల్లమట్టి బూటుకి ముద్దలా అంటుకుంటుంది. 24 అంగుళాల పిచ్చర్ ప్లేట్ (బంతి వేసేవాళ్లు కాలు ఆనించే పలక) మీద ఆ బురద తుడిచేయండి, ముందున్న గుంట పూడ్చండి. కాలు జారిందని అంపైర్ ఊరుకోడు.

• బంతి వేసే చేతికి దారం, తాయెత్తు, వాచీ, వేళ్లకి టేపు ఉండకూడదు. అమ్మమ్మ కట్టిన దారమైతే రెండో చేతికి మార్చుకోమ్మా. చెమటకి రోజిన్ పొడి చేతికి రాసుకోవచ్చు, బంతికి రాయకూడదు.

• ప్లేట్ ఎక్కాక చేతులు విడిగా ఉంచి బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ సైగ చూడాలి. తర్వాత చేతులు కలిపి, కదలకుండా ఆగాలి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, తొందరలో ఆ ఆగడమే మింగేస్తారు. ఎన్ని సెకన్లో టోర్నీని బట్టి మారుతుంది, ముందే అడగండి.

• అడుగు ఒక్కటే, బ్యాటర్ వైపు, ప్లేట్ వెడల్పు దాటకుండా. ముగ్గుపిండితో రెండు గీతలు గీసి సాధన చేయిస్తే పాదముద్రలే చెప్తాయి. వెనక కాలు నేల మీద ఈడ్చుకు రావచ్చు. గెంతి, ఇంకోచోట ఆనించి, మళ్లీ అక్కణ్ణుంచి తోసుకుంటే క్రో హాప్, అది తప్పు.

• బంతి వదిలేటప్పుడు చెయ్యి తుంటికి దిగువన, మణికట్టు మోచేతికన్నా ఒంటికి దూరం పోకుండా.

తప్పు పిచ్ (నియమం తప్పి వేసిన బంతి) అంటే బ్యాటర్‌కి ఒక ‘బాల్’ (బ్యాటర్‌కి కలిసొచ్చే లెక్క) ఊరికే ఇచ్చేసినట్టే.