పూత రాకముందే వయ్యారిభామను పీకాలి: తొలకరి జాగ్రత్తలు

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడితే చాలు, హనుమకొండ పద్మాక్షి గుట్ట చుట్టూ, వడ్డేపల్లి చెరువు కట్ట వెంబడి, కాజీపేట రైలు పట్టాల పక్క ఖాళీ జాగాల్లో వయ్యారిభామ మొలకెత్తుతుంది. కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే ఈ మొక్క మన నేలది కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలది. 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో గుర్తించిన నాటి నుంచి దేశమంతటా వ్యాపించింది.

కాలనీల వారు, విద్యార్థులు దీనిని పీకే కార్యక్రమాలను ఎక్కువగా ఆగస్టులో పెట్టుకుంటారు. ఉద్దేశం మంచిదే, కాని అప్పటికే చాలాచోట్ల తెల్లపూత వచ్చేసి ఉంటుంది. మొలిచిన నాలుగు వారాలకే పూసి, ఒక్కొక్కటి వేల గింజలు రాల్చే మొక్క ఇది. ముదిరిన పూతతో ఉన్నదాన్ని పీకి మోసుకుపోతే దారి పొడవునా విత్తనం చల్లినట్టే. అందువల్ల తొలి వానలు పడిన మూడు వారాలలోపు, ఆకులు ఇంకా నేలకు పరచుకొని ఉన్నప్పుడే, నేల తడిగా ఉన్న పూట వేరుతో సహా లాగాలి. పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఇందులోని పార్థినిన్ అనే రసాయనం చర్మానికి పడదు. కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసం మొదలవుతాయి. మొదటి రోజు ఏమీ కాలేదని ధీమా పడకూడదు, ఎందుకంటే ఈ ఎలర్జీ చాలామందిలో పదేపదే తాకిన తర్వాతనే బయటపడుతుంది. రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవారు దూరంగా ఉండాలి. తొడుగులు ఇవ్వకుండా పారిశుద్ధ్య కార్మికులకు ఈ పని చెప్పడం అన్యాయం.

పూత లేని మొక్కలను కంపోస్టు గుంతలో వేయవచ్చు. పూసినవాటిని అక్కడే సంచిలో మూతి బిగించి కట్టి, లోతుగా పూడ్చాలి, కాల్చకూడదు. ఆకులపై లేత రంగు రెక్కల మీద నల్లటి చారలున్న పెంకు పురుగులు కనబడితే పురుగుమందు కొట్టవద్దు. ఈ మొక్కను తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది. మొక్కలు నాటడానికి ట్రాక్టర్లతో తెచ్చే మట్టిలో గింజలు ఏళ్ల తరబడి దాగి ఉంటాయి కనుక, ఆ మట్టి తవ్విన చోటు ముందే చూసి రావాలి.

వయ్యారిభామతో పాటు తీసే ఇతర పిచ్చి మొక్కల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చెరువు గట్లపై నరికిన లొట్టపీసు కాడలను తడి నేలపై వదిలితే అక్కడే వేరూనుతాయి. పొడి జాగాలో పూర్తిగా ఎండబెట్టాలి. గుర్రపు డెక్కను చెరువు నిండకముందే తీయించాలి. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును దాటి దిగుతుంది కాబట్టి గట్టి బూట్లు వేసుకోవాలి. పొదలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టాలి. పాము కరిస్తే గాటు పెట్టకుండా, బిగించి కట్టకుండా, వెంటనే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పీకేవారిలో మొక్కలను గుర్తుపట్టగల పెద్దవారు ఒకరైనా ఉండాలి. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటుంది; గునుగు ఆకు చీలికలు లేకుండా కోలగా ఉంటుంది; తంగేడుకు ఈనెకు రెండు వైపులా చిన్న ఆకులు జతలుగా ఉంటాయి. బతుకమ్మకు పూలిచ్చే ఈ రెండింటి లేత మొక్కలను అదే గట్టున ఉన్నా ముట్టుకోకూడదు.