పనివారికి మత్తు పరీక్షలు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో గానీ, తణుకు వైపు రైస్ మిల్లులో గానీ మత్తు పరీక్షలు ప్రవేశపెట్టదలచిన యజమాని, ఎవరికి, ఎప్పుడు, ఏ మత్తుకు పరీక్ష చేస్తారో తెలుగులో రాయించి, కార్మికులకు చదివి వినిపించి, వారి లిఖితపూర్వక సమ్మతి తీసుకున్న తరువాతే కిట్లు కొనాలి.

మూత్ర పరీక్ష స్ట్రిప్పు మీద సి గీత (స్ట్రిప్పు సరిగా పనిచేసిందని చూపేది) వచ్చి టి గీత (మత్తు పదార్థం లేకపోతే కనిపించేది) రాకపోతే అది మత్తు వాడారన్న అనుమానం మాత్రమే; కోడీన్ కలిసిన దగ్గు మందు, కూరలో వేసిన గసగసాలు సైతం నల్లమందు వాడినట్టు చూపించగలవు. అందుచేత వాడుతున్న మందుల వివరం ముందే అడిగి, నమూనాను రెండు సీసాల్లో పోసి, కార్మికుని ఎదుటే సీలు వేయాలి. ల్యాబులో నిర్ధారణ అయ్యేవరకు అతనిని బాయిలరు దగ్గర ఉంచకుండా, కూలి తగ్గించకుండా, వేరే పనికి మార్చాలి. తరచు వాడేవారిలో గంజాయి ఆనవాళ్లు వారాల తరబడి కనిపిస్తాయి గనుక, ఆ ఫలితం ఆ పూట మత్తుకు రుజువు కాదు.

ఫలితం మేస్త్రీ చెవిన కూడా పడరాదు.