రేడియేటర్ ఒరిగింది, బానెట్ పడటం లేదు: పాత కారు ముందు క్రాస్‌మెంబర్ మార్చడం

వడ్లు ఆరబోసే రోజుల్లో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ రోడ్ల మీద కుప్పల అంచున రాళ్లు పెడతారు. చీకట్లో అవి కనబడవు. పాత చిన్న కారు వాటి మీదికి ఎక్కితే బంపర్ మీద గీత కూడా పడకపోవచ్చు. దెబ్బ తినేది దాని వెనక, రేడియేటర్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్. మారుతి 800, పాత ఆల్టో లాంటి బండ్లలో ఇది సుమారు ఒక ఎంఎం రేకును మడిచి, స్పాట్ వెల్డింగ్‌తో, అంటే చుక్కలు చుక్కలుగా కరిగించి, అతికించిన భాగం. రేడియేటర్‌ను మోయడంతో దాని పని అయిపోదు. ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు వచ్చే చాసిస్ లెగ్గుల మధ్య దూరం మారకుండా పట్టి ఉంచేది ఇదే. కొలవకుండా దీన్ని కోస్తే కొత్తది ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు ఇక మిగలదు.

ఫ్యాన్ గీరుకుంటున్న చప్పుడు, టెంపరేచర్ ముల్లు పైకి

క్రాస్‌మెంబర్ వెనక్కి నొక్కుకుపోయి రేడియేటర్ ఇంజన్ వైపు ఒరిగింది, లేదా రేడియేటర్ కింది రబ్బరు బుష్‌లు కూర్చునే గుంతలు జంగు పట్టి ఊడాయి. బండి చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పైభాగాన్ని చేత్తో ఊపండి. కింది నుంచి కదిలితే బుష్‌ల దగ్గరే తప్పు. తర్వాత క్రాస్‌మెంబర్‌ను స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మంచి రేకు టంగుమంటుంది. చెడిపోయింది మెత్తగా లోపలికి దిగి, ఎర్రటి పొరలు పొరలుగా రాలుతుంది. నల్లరేగడి బురద లోపలికి చేరి నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తే పైన పెయింట్ బాగానే ఉండి లోపల ఇలా అవుతుంది. అందుకే కింది వైపు నుంచి పొడవాలి.

జంగు లేకుండా సొట్ట ఒక్కటే ఉండి, బుష్‌ల గుంతలు బాగుంటే సరిచేసుకోవచ్చు. మూలల్లో రేకు చిట్లినా, మడత పడినా మార్చాల్సిందే. "ఏం గాదన్నా, సుత్తెతో కొట్టి సీదా చేస్త" అని కొందరు డెంటింగ్ పనివాళ్లు అంటారు. మడత పడ్డ చోట రేకు ఒకసారి సాగి గట్టిపడింది, మళ్లీ వెనక్కి వంచితే అక్కడే చీలుతుంది.

బానెట్ ఒక పక్క లేచింది, గట్టిగా వేస్తేనే లాక్ పడుతోంది

లాక్‌ను జరిపి సర్దడం మొదలుపెట్టకండి. ముందు ఐమూల కొలతలు తీయండి. ఎడమ స్ట్రట్ టవర్ (ముందు సస్పెన్షన్ పై కొన బిగించే గూడు) మీది ఒక నట్టు నుంచి కుడి చాసిస్ లెగ్గు ముందు కొనలోని బోల్టు రంధ్రం దాకా, తర్వాత కుడి నుంచి ఎడమకు అలాగే. మధ్యలో ఇంజన్ అడ్డం వస్తుంది కాబట్టి టేపు వంగిపోతుంది. ఒకదాంట్లో ఒకటి జారే రెండు అల్యూమినియం పైపులు తీసుకుని, రెండు చివర్లా సమాన పొడవున్న మొనదేలిన బోల్టులు బిగిస్తే కొలకర్ర తయారు. నాలుగు చక్రాలు చదును నేల మీద ఉండాలి. జాకీ మీద ఉంటే పాత బాడీ కొద్దిగా మెలిపడి కొలత తప్పుతుంది.

రెండు కొలతల మధ్య తేడా 3 ఎంఎం లోపు ఉంటే లెగ్గులు బాగున్నట్టే, చెడింది క్రాస్‌మెంబర్ లేదా రేడియేటర్ పైన అడ్డంగా ఉండే పై పట్టీ. 5 ఎంఎం దాటితే లెగ్గు జరిగింది. అప్పుడు పాత క్రాస్‌మెంబర్ ఉండగానే దెబ్బ తగిలిన దిక్కుకు ఎదురుగా కొద్దికొద్దిగా లాగించాలి. అది ఫ్రేమ్ మిషన్ ఉన్న డెంటింగ్ షాపు పని. కోసేశాక లాగితే లెగ్గు ఒక్కటే వస్తుంది, రెండోది దాంతో సరిపోదు.

స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోంది

ఇక్కడ ఆగండి. మారుతి 800లో స్టెబిలైజర్ బార్ (రెండు ముందు చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ) చక్రాన్ని పట్టే కింది ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరగకుండా కూడా పట్టుకుంటుంది. దాని ముందు బ్రాకెట్లు బాడీకే బిగించి ఉంటాయి. వాటి చోటు మారితే చక్రమే వెనక్కి జరుగుతుంది. స్టీరింగ్ సూటిగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా కొలవండి. ఆ బండి వీల్‌బేస్ 2,175 ఎంఎం. ఎడమకూ కుడికీ 5 ఎంఎం కన్నా ఎక్కువ తేడా వస్తే ఇంట్లో చేసే పని కాదు.

దెబ్బే తగల్లేదు, అయినా కింద వంగింది

జాకీని క్రాస్‌మెంబర్ కింద పెట్టి లేపారు, లేదా బురదలో దిగబడినప్పుడు దానికే తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగారు. రెండూ మానాలి.

మార్చే పని

భాగం కొత్తది దొరికితే అదే మేలు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో పాత బండి నుంచి కోసింది తెచ్చుకుంటే అంచులు పూర్తిగా ఉన్నవి, లోపల జంగు లేనివి చూసుకోండి.

బ్యాటరీ నెగెటివ్ తీయండి. చల్లటి ఇంజన్ నుంచి కూలెంట్ దించి ఎన్ని లీటర్లు వచ్చిందో రాసుకోండి. బంపర్, గ్రిల్, హెడ్‌లైట్లు, రేడియేటర్ తీయండి. ఏసీ ఉంటే పైపులు విప్పొద్దు, గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది. కండెన్సర్‌ను బ్రాకెట్ల నుంచి విడదీసి వైరుతో పక్కకు వేలాడగట్టండి. వైరింగ్‌ను వెనక్కి జరిపి, దగ్గర్లో ఉన్న పెట్రోల్ పైపు మీద తడి గోనె సంచి కప్పండి. బకెట్ ఇసుక, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

ఐమూల కొలతలతో పాటు రెండు లెగ్గుల మధ్య దూరం, క్రాస్‌మెంబర్ పై అంచు నుంచి పై పట్టీ దాకా ఎత్తు రెండు చోట్ల రాసుకోండి. లెగ్గుల మధ్య ఒక యాంగిల్ ముక్కను బోల్టులతో తాత్కాలికంగా బిగించండి. కోశాక దూరాన్ని అదే కాపాడుతుంది.

స్పాట్ వెల్డ్‌లు పెయింట్ కింద దాగుతాయి. వైర్ బ్రష్‌తో గీకితే శనగ గింజంత గుండ్రటి లొత్తలు బయటపడతాయి. 8 ఎంఎం స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు వరకే కొయ్యండి, కింది రేకు లెగ్గుది. తర్వాత పల్చటి ఉలితో విడదీసి, మిగిలిన బొడిపెలను గ్రైండర్‌తో చదును చేయండి.

కొత్త భాగం అంచుకు పాత వెల్డ్‌ల చోటే 8 ఎంఎం రంధ్రాలు వేయండి. రెండు రేకులు కలిసే ముఖాలకు వెల్డింగ్‌కు తట్టుకునే జింక్ ప్రైమర్ కొట్టి, వైస్ గ్రిప్‌లతో బిగించండి. నాలుగు మూలల్లో చిన్న టాక్ (తాత్కాలిక అతుకు) వేశాక రేడియేటర్, హెడ్‌లైట్లు పెట్టి బానెట్ వేసి చూడండి. రెండు పక్కలా సందు సమానంగా ఉండి, ఐమూలలు 3 ఎంఎం లోపు కలిస్తేనే ఆ రంధ్రాలను నింపుతూ పూర్తి వెల్డింగ్. ఈ పూట తొందరపడితే తర్వాత ఏ సర్దుబాటూ దాన్ని దాచలేదు.

మిగ్ మిషన్‌లో (రాడ్ బదులు వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్) 0.8 ఎంఎం వైరు, దాదాపు 60 ఆంపియర్లు. అదే మందం తుక్కు రేకు మీద ముందు పరీక్షించండి. అతికిన రెండు ముక్కలను ఉలితో చీల్చితే ఒక రేకులో రంధ్రం పడి ముక్క రెండోదానికి అంటుకుని రావాలి. బొట్టులా ఊడి వస్తే వేడి చాలలేదు. ఎర్త్ క్లిప్ వెల్డ్‌కు దగ్గర్లో పెట్టి, ఎడమ ఒకటి కుడి ఒకటి వేస్తూ మధ్యలో చల్లారనివ్వండి. ఆర్క్ రాడ్ ఈ రేకును కాల్చి రంధ్రాలు చేస్తుంది. ఊళ్లలో చేసే గ్యాస్, ఇత్తడి అతుకు వేడిని చుట్టూ పాకించి రేకును వంకర చేస్తుంది. పైగా ఇత్తడి పట్టిన చోట తర్వాత మిగ్ వెల్డ్ చీలుతుంది. మిగ్ లేకపోతే అమరిక దాకా మీరు చేసుకుని, మిషన్ తెచ్చే వెల్డర్‌ను పిలవండి. జింక్ పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి.

చల్లారాక రేడియేటర్, లైట్లు మళ్లీ తీసి, ప్రైమర్, అతుకుల మీద సీలర్, పెయింట్, ఆఖరున లోపలికి జంగు పట్టకుండా క్యావిటీ వ్యాక్స్. మే ఎండలో బండి బాడీ కాలుతుంటే సీలర్ పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, పొద్దున్నే వేయండి. కాలిన ఇంజన్ ఆయిల్ పూయొద్దు, రేడియేటర్ బుష్‌ల రబ్బరు ఉబ్బిపోతుంది.

బిగించాక వచ్చే తంటాలు

లైట్లు మసకగా, స్టార్టర్ నీరసంగా: ఎర్త్ వైరు కింద పెయింట్ ఉంది. అక్కడ ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి.

ఇంజన్ వేడెక్కడం: గాలి చిక్కింది. చల్లటి ఇంజన్‌కు మూత తీసి, హీటర్ వేడి వైపు తిప్పి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా నింపుతూ ఉండండి. నల్లగొండ బోరు నీళ్లు పొయ్యొద్దు, ఉప్పు సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్) సగం, కూలెంట్ సగం.

వెల్డ్ అంచున పెయింట్ వెంట్రుకంత చీలిక: 500 కిలోమీటర్లు తిరిగాక టార్చి వేసి వెతకండి. కనబడితే ఆ వెల్డ్ పట్టలేదు. లప్పంతో పూడ్చకుండా గ్రైండ్ చేసి మళ్లీ వేయించండి.