వాన దంచికొట్టినా డ్రమ్ము నిండట్లేదా?

గంటసేపు వాన కొట్టినా దాబా కింద పెట్టిన డ్రమ్ములో పావు వంతు నీళ్లే ఉన్నాయంటే, ముందు పైకెక్కి పైపు మూతి దగ్గర జాలీ చూడండి. వేపాకు, కవరు ముక్క, ఏదో ఒకటి అడ్డం పడి ఉంటుంది. ఇది చూడకుండానే ప్లంబర్‌ని పిలిచేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

జాలీ శుభ్రంగా ఉంటే లెక్క వేసుకోండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 20 చదరపు మీటర్ల దాబా మీద 10 మిల్లీమీటర్లు పడితే 200 లీటర్ల డ్రమ్ము ఇంచుమించు నిండాలి.

నిండకపోతే సతాయిస్తున్నది గాలి. దోమలు రాకుండా మూత బిగించి, పైపు చుట్టూ ఎంసీల్ పెట్టేస్తాం. దోమల భయం నిజమే, కానీ నీళ్లు లోపలికి రావాలంటే లోపలున్న గాలి బయటికి పోవాలి కదా! గోడ వెంట అడ్డంగా వచ్చే పీవీసీ పైపు ఎండకు కుంగి మధ్యలో పొట్టలా వేలాడుతుంది, అందులో నిలిచిన పాత నీళ్లే గాలికి బిరడా అవుతాయి. డ్రమ్ము కొంత నిండి ఆగిపోతుంది, పైపులో గుడగుడమంటుంది, మిగతా నీళ్లు జాయింటు సందులోంచి గోడ మీదికి కారతాయి. అందరికీ కనిపించేది ఆ కారడమే.

మిర్యాలగూడలో మా అక్క వాళ్లింట్లో నేనూ జాయింటుదే తప్పనుకుని అతికించాను. తర్వాతి వానకు నీళ్లు దాబా మీదే నిలిచిపోయాయి. ఆ వానలోనే తడుస్తూ మూత కొంచెం వదులు చేశానో లేదో, బుస్సుమని గాలి తన్నుకొచ్చింది, వెంటనే డ్రమ్ములోకి నీళ్లు దబదబా దూకాయి. గాలి పోవడానికి ఓవర్‌ఫ్లో పైపు (డ్రమ్ము నిండాక ఎక్కువైన నీళ్లు పోయేది) ఉంది కదా అనుకున్నాం, దాని కొస చూస్తే అరటి పాదు బురదలో కూరుకుపోయి ఉంది.

మీరూ వాన పడుతున్నప్పుడే మూత వదులు చేసి చూడండి. బుస్సుమంటే డ్రమ్ము పైఅంచు దగ్గర రంధ్రం చేసి అంగుళం పైపు ముక్క పెట్టి, మూతి కిందికి వంచి దోమతెర కట్టండి. ఓవర్‌ఫ్లో కొస నేలకు జానెడు ఎత్తున ఉండాలి, పాదులోకి నీళ్లు పైనుంచి పడాలి. పైపు కుంగిన చోట ఇంకో క్లాంపు కొట్టి వాలు సరిచేయండి.

డ్రమ్ము పగులు, ట్యాప్ వాషర్ లాంటివైతే కింద తడి చూడగానే తెలుస్తుంది. దాబా వాలు తప్పడం అరుదు, దానికి మేస్త్రీనే పిలవాలి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? నల్లగొండ వైపు చాలా బోర్లలో ఫ్లోరైడు, ఉప్పు రెండూ ఉంటాయి. అక్క వాళ్ల కరివేపాకు కుండీ అంచున బోరు నీళ్లకు తెల్లటి పొర పేరుకుంది. పక్కనే వాన నీళ్లు పోసిన కుండీకి అది లేదు.