మోంటానా పాత అట్-లార్జ్ సీటు చరిత్రని ఎలా తవ్వుకోవాలి

అమెరికా ఎన్నికల చరిత్ర చదవాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మోంటానా పట్టుకోండి. రాష్ట్రం మొత్తానికీ ఒకే నియోజకవర్గం ఉంటే దాన్ని అట్-లార్జ్ డిస్ట్రిక్ట్ అంటారు, మన దగ్గర సిక్కిం, నాగాలాండ్, మిజోరంలకి ఒక్కో లోక్‌సభ సీటు ఉన్నట్టే. కాకపోతే మోంటానా అంత చిన్నది కాదు, వైశాల్యంలో దాదాపు 3.8 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే 42 మంది ఎంపీలున్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, అంత నేలకి ముప్పై ఏళ్ళ పాటు హౌస్‌లో (అమెరికా కాంగ్రెస్ దిగువ సభ, మన లోక్‌సభ లాంటిది) ఒక్క సీటే.

చాలామంది చేసేదేంటంటే గెలిచినవాళ్ళ లిస్టు ముందేసుకుని పైనుంచి కిందకి చదువుతారు. అలా చదివితే పేర్లు గుర్తుంటాయి గానీ సీటు ఎందుకు వచ్చింది ఎందుకు పోయింది అనేది అస్సలు అర్థం కాదు. ముందు జనాభా లెక్కలు తీయండి. అమెరికాలో పదేళ్ళకోసారి సెన్సస్ అయ్యాక హౌస్ సీట్లు రాష్ట్రాలకి మళ్ళీ పంచుతారు, ఆ పట్టికలు సెన్సస్ బ్యూరో సైట్‌లో ఫ్రీగానే ఉంటాయి. వాటిలో మోంటానా వరస ఒక్కటి చూస్తే మొత్తం అస్థిపంజరం దొరికిపోతుంది: 1889లో రాష్ట్రం అయినప్పుడు ఒక సీటు, 1910 సెన్సస్ తర్వాత రెండు, 1990 సెన్సస్ తర్వాత మళ్ళీ ఒకటి, 2020 తర్వాత మళ్ళీ రెండు. ఇది కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి, తర్వాత చదివే ప్రతిదీ దీని మీదే కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. 1910 తర్వాత రెండు సీట్లు వచ్చాయి కదా, మరి రెండు నియోజకవర్గాలు గీసేశారనుకుంటాం, కానీ వెంటనే గీయలేదు. 1913 నుంచి 1919 దాకా ఇద్దరినీ రాష్ట్రం మొత్తం మీదే ఎన్నుకున్నారు, ఓటరుకి రెండు ఓట్లు, ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి ఇద్దరూ గెలిచినట్టు. లిస్టులో ఒకే సమయంలో ఇద్దరి పేర్లు కనపడి కంగారు పడేది ఇక్కడే. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, 1952, 1957 ఎన్నికల్లో మనకీ ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, 1957లో పార్వతీపురంలో ఒక సీటు ఎస్టీలకి రిజర్వ్ అయితే జనరల్ సీటు కూడా ఎస్టీ అభ్యర్థికే వెళ్ళి వి.వి. గిరి ఓడిపోయారు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1959లో ఆ ఫలితమే నిలిచింది. 1961లో చట్టం తెచ్చి మనం ఆ పద్ధతే తీసేశాం. ఇది తెలిసిన తెలుగు రీడర్‌కి మోంటానా 1913-19 భాగం ఇట్టే ఎక్కుతుంది.

ఈ ఆరేళ్ళ దగ్గర మాత్రం ఆగి నిదానంగా చదవండి, తొందరపడొద్దు, ఎందుకంటే జానెట్ రాంకిన్ గెలిచింది ఇక్కడే. అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొట్టమొదటి మహిళ, 1916లో. అప్పటికి దేశమంతా ఆడవాళ్ళకి ఓటు హక్కు లేదు, ఆ రాజ్యాంగ సవరణ 1920లో వచ్చింది, కానీ మోంటానాలో 1914లోనే వచ్చేసింది, ఆ ఉద్యమం కోసం రాష్ట్రమంతా తిరిగిన మనిషి ఆవిడ. ఆ ఓటింగ్‌లో డెమొక్రాట్ జాన్ ఎవాన్స్ మొదటి స్థానం, రిపబ్లికన్ రాంకిన్ రెండో స్థానం. సీటు ఒక్కటే ఉండుంటే ఆవిడ ఓడిపోయినట్టే! ఈ ఒక్క విషయం కోసమైనా నియోజకవర్గాల చరిత్ర చదవాలి అంటాను నేను. 1917 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేశారు, అదే ఏడాది రాష్ట్ర శాసనసభ మోంటానాని రెండుగా గీసింది, ఆవిడ పడింది డెమొక్రాట్ల బలమున్న పశ్చిమ భాగంలో. దాంతో 1918లో హౌస్ వదిలేసి సెనెట్‌కి పోటీ చేసి ఓడిపోయారు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. 1933 దాకా పదవీకాలం మార్చి 4న మొదలయ్యేది, తర్వాత జనవరి 3. అందుకే 1916లో గెలిచిన రాంకిన్ పక్కన 1917 మార్చి అని ఉంటుంది. అలాగే థామస్ కార్టర్ పేరు రెండు చోట్ల కనిపిస్తుంది, 1889లో ముందు టెరిటరీ డెలిగేట్‌గా (హౌస్‌లో కూర్చుంటారు గానీ ఓటు ఉండదు), నవంబర్ 8న రాష్ట్రం ఏర్పడ్డాక ఓటున్న సభ్యుడిగా. రెండూ కలిపేయకండి. డిక్సన్ అని కూడా ఇద్దరున్నారు, విలియం డిక్సన్ 1891-93, జోసెఫ్ డిక్సన్ 1903-07. ఇలాంటివి తేల్చుకోవడానికి కాంగ్రెస్ వాళ్ళ బయోగ్రాఫికల్ డైరెక్టరీ చాలు, 1920 నుంచి ఓట్ల లెక్కలు కావాలంటే హౌస్ క్లర్క్ ఆఫీసు పుస్తకాలు, అంతకుముందువి కావాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్కాన్ చేసి పెట్టిన పాత పేపర్లు.

రెండో అట్-లార్జ్ కాలానికి కోర్టు తీర్పుతో మొదలుపెట్టండి. 1990 లెక్కల్లో మోంటానా జనాభా 8,03,655, దేశంలో ఒక సీటుకి సగటు 5,72,466. రెండో సీటు పోయిందని రాష్ట్రం కేసు వేసింది, వాళ్ళు చెప్పిన ఇంకో లెక్క పద్ధతి వాడితే మోంటానాకి రెండు, వాషింగ్టన్ రాష్ట్రానికి తొమ్మిది బదులు ఎనిమిది వచ్చేవి. కింది కోర్టులో గెలిచారు, 1992 మార్చిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. తీర్పులో లెక్కలు కొంచెం ఉంటాయి గానీ భయపడొద్దు, ఒక పెద్ద రాష్ట్రానికి ఎంత అన్యాయం అనిపిస్తుందో, అయినా పూర్తి సమానంగా పంచడం ఎందుకు కుదరదో రెండూ అందులోనే తెలుస్తాయి. ఆ నవంబర్‌లో ఇద్దరు సిట్టింగ్ సభ్యులు, పశ్చిమం నుంచి పాట్ విలియమ్స్, తూర్పు నుంచి రాన్ మార్లెనీ, ఒకే సీటు కోసం కొట్టుకోవాల్సి వచ్చింది, విలియమ్స్ గెలిచారు. ఈ ఎన్నికని కౌంటీల వారీగా (మన జిల్లాల్లాంటివి, మొత్తం 56) చూడండి, రాష్ట్రం రెండు ముక్కలుగా ఎలా ఆలోచిస్తుందో మ్యాప్ మీదే కనిపిస్తుంది.

ఆ తర్వాత రిక్ హిల్, డెనీ రీబర్గ్, స్టీవ్ డెయిన్స్, ర్యాన్ జింకీ, గ్రెగ్ జియాన్‌ఫోర్టే, మాట్ రోజెండేల్, అందరూ రిపబ్లికన్లే, ఇక్కడ త్వరగా దాటేయొచ్చు. 2017 మేలో ఉప ఎన్నిక ఒక్కటి గుర్తుపెట్టుకోండి, జింకీ కేంద్రంలో ఇంటీరియర్ సెక్రటరీ (ప్రభుత్వ భూములు, సహజ వనరులు చూసే మంత్రి) అవడంతో వచ్చింది. 2010 లెక్కలు కూడా ఒకసారి చూడండి, మోంటానాలో దాదాపు 9.9 లక్షల మందికి ఒకే సీటు, దేశంలోనే ఎక్కువ జనం ఉన్న నియోజకవర్గం అదే, పదిన్నర లక్షలున్న రోడ్ ఐలండ్‌కేమో రెండు.

2020 తర్వాత రెండో సీటు తిరిగొచ్చింది. ఈసారి రెండింటికీ కలిపి రాష్ట్రవ్యాప్తంగా ఓటేయించే వీలు లేదు, 1967 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఒకటి కంటే ఎక్కువ సీట్లుంటే విడివిడిగా గీయాల్సిందే. ఐదుగురు సభ్యుల కమిషన్ 2021 నవంబర్‌లో గీత గీసింది, మిజౌలా, బోజ్‌మన్, బ్యూట్ పశ్చిమంలోకి, బిల్లింగ్స్, గ్రేట్ ఫాల్స్, హెలెనా తూర్పులోకి. మీ అట్-లార్జ్ నోట్సు 2023 జనవరి 3తో ఆపేయండి. జింకీ ఆ రోజే పశ్చిమం నుంచి మళ్ళీ సభలోకి వచ్చారు కాబట్టి ఆయన పేరు రెండు చోట్ల రాసుకోవాలి, రాంకిన్ పేరు కూడా అంతే, 1917-19 అట్-లార్జ్ కింద, 1941-43 మొదటి డిస్ట్రిక్ట్ కింద.